దత్తపది ఆడుకొందము రండి

మన పాఠశాలల తెలుగు వాచకములను తెరచి చూచినవారికి పాఠముల చివర ‘స్వీయరచన’ అనియు, ‘సృజనాత్మకత’ అనియు శీర్షికలు కనబడును. పాఠ్యప్రణాళికను కూర్చిన పెద్దల సంకల్పము మిక్కిలి ఉదాత్తమైనదే. ఏలనన, బాలుడు పాఠమును వల్లించి ఊరకుండక, కథను పొడిగింపవలెననియు, సంభాషణ కల్పింపవలెననియు, తన బుద్ధితో నాలుగు మాటలు కూర్చుకొనవలెననియు అందు ఆదేశింపబడినది. అయితే ఆ వాచకమునకు తోడుగా దానికంటె బొద్దుగా నుండు గైడు ఒకటి అంగడిలో అమ్ముడుపోవుచున్నది. అందు స్వీయరచనకు సైతము జవాబు అచ్చువేయబడి యున్నది. ‘నీ ఊహను నీ సొంతమాటలలో వ్రాయుము’ అను ప్రశ్నకు ఊహయు, సొంతమాటలును ముందే సిద్ధము. బాలుడు చేయవలసినదెల్ల వాటిని నోటుపుస్తకములోనికి దింపుకొనుటయే. ఇటీవల గైడు చేయు పనిని ఫోను కూడ చేయుచున్నది, మరింత వేగముగా. సృజనమను మాటకు మార్కులు కేటాయించి, సృజనమును మాత్రము బడినుండి సాగనంపిన మన నేర్పును చూచి నవ్వవలెనో, వగవవలెనో తోచదు.

చిన్నపిల్లలకు రచనను పాఠముగా గాక ఆటగా నేర్పవలెననియు, అందుకు తగిన ఆటలు మన భాషలో తరతరములుగా ఉన్నవనియు, వాటికి కావలసిన సామగ్రి కరవుసీమలో సైతము కరవు లేదనియు నా అభిప్రాయము. కరవుసీమ అని అనుటలో నాకు అనంతపురము పీఠభూమియే మనసులో మెదలుచున్నది. పడమటి కనుమల వానచాటున పడిన ప్రాంతమిది. నైరృతి ఋతుపవనము కనుమలకు ఆవలనే కురిసి తేలికపడి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున తన బరువు దించుకొని ఇక్కడికి చేరునప్పటికి మిగులునది స్వల్పము. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వానను నమ్ముకొని ఎర్రనేలలో చెనక్కాయ విత్తు రైతు బ్రదుకునకు ‘జూదం’ అని పేరుపెట్టి కథ వ్రాసిన సింగమనేని నారాయణ ఈ సీమవాడే, బడిలో తెలుగు చెప్పినవాడే. అంతకు పూర్వమే, 1956లో, తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ వెలువరించి నీరులేని ఏటిమీద కూడ కావ్యము కట్టవచ్చునని చూపెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా రెండుగా చీలి పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది గాని, వాన పంపకములో మార్పేమియు రాలేదు.

పెద్దలకు కావ్యవస్తువైన ఈ బ్రదుకు పిల్లలకు కథావస్తువు కాకపోవుటకు కారణమేమి? విత్తనపు కాయలు ఒలిచి ఒలిచి బొటనవ్రేలు నొచ్చిన పిల్లకు, అర్ధరాత్రి బోరుబండి శబ్దమునకు మేల్కొని నీరు పడునా, దుమ్ము లేచునా అని పెద్దలతో కలిసి కాచుకొన్న పిల్లవానికి, తండ్రియు తల్లియు బెంగుళూరికి పనికి పోగా అవ్వ దగ్గర పెరుగుచు ఆదివారము ఫోనుకొరకు ఎదురుచూచు బిడ్డకు చెప్పుకొనుటకు కథలు లేవని ఎవడనగలడు? రామగిరి కొండలమీద తిరుగు గాలిమరలను చూచి వాటిని ఎవరు త్రిప్పుచున్నారో ఊహించుకొనని పసివాడు ఉండునా? వానలు వెనుదీసిన యేట రోకలికి కప్పను కట్టి, ఇంటింటికి త్రిప్పి, నీళ్లు పోయించుచు కప్పతల్లి పాట పాడినవారు పిల్లలే గదా. ఆ కప్ప ఆ దినమంతయు ఏమనుకొనినదో వ్రాయుమని బడిలో మనమెన్నడైన అడిగితిమా? అడుగము. ‘నేను చూచిన సముద్రతీరము’ను గూర్చి వ్యాసము వ్రాయుమందుము. సముద్రమునకు ఇన్నూరు మైళ్ల దూరమున మేకలు కాయు పిల్లవానికి గైడు తప్ప గత్యంతరము లేదు.

ఇక ఆటల మాట. అవధానము తెలుగువారి సొత్తని మనము గర్వించుచుందుము. దానిని చూచి చప్పట్లు కొట్టుచుందుము. కాని, అవధాని చుట్టును కూర్చున్న ఎనమండుగురు పృచ్ఛకుల చేతిలోనివి నిజమునకు ఎనిమిది ఆటలనియు, ఛందస్సును తొలగించినచో వాటిలో సగము ఆరేడేండ్ల పిల్లలు సైతము ఆడుకొనదగినవనియు మనకు తోచలేదు. దత్తపదిని తీసికొనుడు. పొత్తు కుదరని నాలుగు మాటలిచ్చి, అవి నాలుగును వచ్చునట్లు ఒక పద్యము చెప్పుమని పృచ్ఛకుడు కోరును. పద్యమునకు బదులు కథ చెప్పుమందము. చెనక్కాయ, సైకిలు, బోరు, ఏనుగు – ఇవి నాలుగు మాటలు. మొదటి మూడును ఊరివి. నాల్గవది ఊరిలో ఎన్నడును అడుగు పెట్టనిది. కథను పుట్టించునది ఆ నాల్గవ మాటయే. ఎండిన బోరులో తొండము దూర్చి ఏనుగు నీరు పీల్చవచ్చును, లేదా సైకిలెక్కి సంతకు పోయి చెనక్కాయలు బేరమాడవచ్చును, కాదేని బోరులో పడిన చెనక్కాయ పాతాళములో మొలచి అచ్చటి ఏనుగులకు నీడ ఇయ్యవచ్చును. తరగతిలో ముప్పదిమంది ఉన్నచో ముప్పది ఏనుగులు పుట్టును. ఏ రెండును ఒక తీరున ఉండవు గనుక ఒకరిదానిని చూచి మరియొకరు వ్రాయు బెడదయు తీరును.

ఇటలీ దేశపు బాలసాహిత్యకారుడు జాన్ని రొదారి 1973లో వెలువరించిన ‘గ్రామర్ ఆఫ్ ఫాంటసీ’ అను గ్రంథమున ఇట్టి ఆటనే వర్ణించెను. ఒకదానితో ఒకటి ఏ సంబంధము లేని రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపినచో, వాటి నడుమనున్న ఎడమును పూరించుటకు మనస్సు తనంతట కథ నల్లుకొనునని ఆయన సిద్ధాంతము. విద్యావేత్తలు ఆ గ్రంథమును తలకెత్తుకొనుట న్యాయమే. కాని ఆయన రెండు మాటలతో చేసినదానిని మన పండితులు నాలుగు మాటలతో, ఛందస్సుతో సహా, సభలలో చేయుచున్నారనియు, ఆ విద్యను బడి వాకిలి దాటనీయని మనమే దానిని పెద్దల వేడుకగా మిగిల్చితిమనియు గుర్తింపవలెను. ఇట్టి కిటుకునే ‘చందమామ’ తన ఫోటోవ్యాఖ్యల పోటీలో పెట్టెను. రెండు వేరువేరు ఛాయాచిత్రములిచ్చి రెంటికిని జోడు కుదురు వ్యాఖ్యలను కోరెడివారు. ఆ పుట కొరకే నెలనెలా పత్రికను ముందు వెనుకనుండి తెరచిన పాఠకులు ఇంకను మన మధ్య ఉన్నారు. నేడు ఉపాధ్యాయుని జేబులోని ఫోనులో రెండు బొమ్మలకు కొదువ లేదు. ఊరి చెరువుకట్ట ఒకటి, బెంగుళూరు మెట్రోరైలు ఒకటి చూపి జోడు వాక్యములు చెప్పుమన్నచో, వలసను గూర్చి మనమెవరమును చెప్పలేని మాటలు ఆ పిల్లలనుండి వచ్చునని నా నమ్మకము.

సమస్యాపూరణము మరింత సొగసైనది. అసంభవమును, అసంగతమును ఒక పాదముగా ఇచ్చి దానిని సంభవముగా, సంగతముగా చేయుమనుటయే సమస్య. ‘చెరువు దాహమని ట్యాంకరును నీళ్లడిగెను’ అని నల్లబల్లమీద వ్రాసి, ఇది నిజమగునట్లు దీనికి ముందు జరిగిన కథ చెప్పుమనవచ్చును. ‘మేకను చూచి పులి పరుగెత్తెను’ అనవచ్చును. చివరి వాక్యము ముందే చేతికి వచ్చుటచేత ‘ఎట్లు ముగింపవలెను’ అను భయము పిల్లలకు ఉండదు. కథలు చెప్పుటలో పెద్దరచయితలను సైతము వేధించునది ఆ భయమే గదా.

నిషిద్ధాక్షరి పిల్లలకు కష్టమని తోచును గాని, ఆడించి చూచినచో అన్నింటికంటె ఎక్కువ నవ్వు దానినుండియే వచ్చును. అవధానమున పృచ్ఛకుడు అడుగడుగునకు అక్షరమును నిషేధించును. బడిలో ఒక అక్షరమును ఒక్కసారి నిషేధించిన చాలును. ‘ర’కారము కూడదనుడు. అనంతపురము పిల్లవాడు తన ఊరిని వర్ణింపబూని చూచుకొనునప్పటికి కరవు పోవును, చెరువు పోవును, నీరు పోవును, వర్షము పోవును, బోరు సైతము పోవును! అప్పుడతడు వాన, కుంట, వంక, బావి, తడి, మబ్బు, ఎండ అని వెదకుకొనుచు బయలుదేరును. మరచిన మాటకొరకు అవ్వను అడుగుటకు ఇంటికి పరుగెత్తును. పర్యాయపదముల పట్టికను బట్టీయము పెట్టించుటవలన పదియేండ్లకును రాని సంపద ఒక సాయంకాలమున ఒడిలో పడును. ఇక అప్రస్తుతప్రసంగి పదవి ఉండనే ఉన్నది. తరగతిలో మిక్కిలి అల్లరివాడెవడో, కథ నడుచుచుండగా నిలిపి కొంటెప్రశ్న వేయకుండ ఉండలేనివాడెవడో వానికి ఆ పదవి నిచ్చి ముందుబల్లమీద కూర్చుండబెట్టుడు. కథ చెప్పువారు వాని ప్రశ్నకు కథలోనే సమాధానమిచ్చి సాగిపోవలెనను నియమము పెట్టుడు. పాఠకుని సందేహము రచయితకు ముందుగానే వినబడుట అను విద్య ఇట్లు అబ్బును. ఆ అల్లరివాడు మరునాడు బడి మానడు.

అవధానము పండితుల ఆట. జనుల ఆట ఒకటి ధర్మవరము ప్రక్కనే ఉన్నది. నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. నేడు అచ్చటి చర్మచిత్రములు దీపపు తెరలై, గోడలకు అలంకారములై నగరములకు ఎగుమతి యగుచున్నవి గాని, తెల్లని తెర వెనుక రాత్రి తెల్లవార్లు రామాయణమాడించిన కళ అది. ఆ ఆటలో పిల్లలు దేనికొరకు మేల్కొని ఉండెడివారో ఎరుగుదుము: రాముని కొరకు గాదు, కేతిగాని కొరకు, బంగారక్క కొరకు. రాముడు గంభీరభాషణము చేసి నిష్క్రమించిన వెంటనే కేతిగాడు ప్రవేశించి ఊరిభాషలో ఊరి సంగతులు మాటలాడును. లంకాదహనము నడుమ ఆ యేటి పంటధరయు రావచ్చును, సర్పంచిమీద విసురును రావచ్చును. ఏ పాత్ర నోట ఏ భాష పలుకవలెనన్న రహస్యము రచనాశిక్షణాలయములలో నెలలతరబడి చెప్పెడి పాఠము. ఇచ్చట అది ఒక రాత్రి ఆటలో దొరకును. పెండ్లిపత్రికల అట్టలను కత్తిరించి బొమ్మలు చేయించి, పాతపంచె తెరగా కట్టి, టార్చిలైటు వెలిగించి, పాఠములో చదివిన కథలోనికి ఒక కేతిగానిని ప్రవేశపెట్టుమనిన చాలును. వాడేమి మాటలాడవలెనో పిల్లలే వ్రాయుదురు. మనము వ్రాయించిన నీతివాక్యములు వాని నోట ఇమడవు గనుక వ్రాయింపబోకుడు.

ఇట్లు వ్రాయునప్పుడు పిల్లలు ఇంటిమాటతో వ్రాయుదురు. ‘మా నాయన బెంగుళూరికి పాయె, నేను అవ్వ తావ ఉండా’ అని ఒక పిల్లవాడు వ్రాసెననుకొందము. ఎర్రసిరా కలము వెంటనే లేచును; ‘పాయె’ కొట్టివేయబడును, ‘తావ’ కొట్టివేయబడును, ‘ఉండా’ చుట్టును సున్న చుట్టబడును. మిగిలినది వ్యాకరణశుద్ధమైన వాక్యమే. కాని దానిని ఆ పిల్లవాడు మరల చదువుకొనడు, ఆ తండ్రిని గూర్చి మరల వ్రాయడు. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతయు పోరాడినది ఈ ఎర్రసిరాతోనే. గ్రాంథికముపై మమకారము చంపుకొనలేక ఇట్టి పాతవాసన గల వచనము వ్రాయుచున్న నేను ఆయన పేరు చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. పెద్దవానికి ఏ భాషయందైన వ్రాయుటకు స్వేచ్ఛ కలదు. అతడు తన దారిని తాను ఎంచుకొనినవాడు. ఏడేండ్ల పసివానికి తల్లిభాష ఒక్కటే ఉన్నది, దానిని కొట్టివేసినచో వాని చేతిలో ఏమియు మిగులదు. వర్తనియు, వాక్యనిర్మాణమును, శిష్టభాషయు తప్పక నేర్పవలసినవే. వాటికి వేరు పీరియడు కలదు. కథ వ్రాసిన నాడు ఉపాధ్యాయుడు కలము మూసి చెవి తెరువవలెను. మార్కులు వేయనే కూడదు. తన అవ్వను గూర్చి వ్రాసిన బిడ్డకు పదింట ఆరు వేయుటకంటె అనుచితము మరియొకటి ఉండదు.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ తన అనుభవములను 1963లో ‘టీచర్’ అను గ్రంథముగా వెలువరించెను. అచ్చుపుస్తకములోని మాటలను ప్రక్కన బెట్టి, నీకు ఏ మాట కావలెనని ఒక్కొక్క బిడ్డను అడిగి, ఆ మాటను అట్టముక్కపై వ్రాసి వాని చేతికే ఇచ్చుట ఆమె పద్ధతి. వారు కోరినవి భయమును, ప్రేమను మోసికొనివచ్చు మాటలు. అట్టి మాటను బిడ్డలు ఒక్క చూపున గుర్తుంచుకొనిరి. మన ఒకటవ తరగతి బిడ్డ తొలుత అడుగు మాట ‘అరటి’యో, ‘ఈగ’యో కాకపోవచ్చును. అమ్మ అని అడుగవచ్చును, లేదా ఏ రైలుబండి యనియో, ఏ మేకపిల్ల పేరో అడుగవచ్చును. ఆ మాట వాని మొదటి కథకు శీర్షిక యగును.

ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను లాగుకొని వచ్చు బడులలో ఇదంతయు సాధ్యమా యని అడుగువారు కలరు. ఉపాధ్యాయుల నెత్తిన యాప్‌ల బరువు, ఫోటోల బరువు, నివేదికల బరువు ఉన్నదని ఎరుగుదును. దానిని తగ్గింపవలసినది ప్రభుత్వము. కాని పెద్దచిన్న పిల్లలు కలిసి కూర్చుండుట రచనకు అడ్డు కాదు, అనుకూలము. ఇటలీ కొండలలోని బార్బియానా అను కుగ్రామమున డాన్ లొరెంజో మిలాని అను మతాచార్యుడు నడిపిన బడిలో, ఇతర పాఠశాలలనుండి తప్పించబడిన పేదపిల్లలు ఎనమండుగురు కలిసి ‘ఒక ఉపాధ్యాయినికి లేఖ’ వ్రాసిరి; 1967లో అచ్చయిన ఆ పుస్తకము పెక్కు భాషలలోనికి పోయినది. వారి పద్ధతి ఇది: తోచిన ప్రతి తలపును విడిగా ఒక్కొక్క చీటీపై వ్రాయుదురు. చీటీలన్నిటిని బల్లమీద పరచి, సంబంధించినవాటిని కుప్పలు పెట్టుదురు. కుప్పలకు వరుస కల్పింతురు. ఆపై అక్కరలేని మాట ఏదని అందరు కలిసి వెదకి తీసివేయుదురు. మన బడిలోను ఇట్లే చేయవచ్చును: వ్రాయరాని చిన్నది చెప్పును, ఐదవ తరగతి అన్న వ్రాసిపెట్టును. బడి తరువాతి సాయంకాలములలో గూడ ఇట్టి పనికి తావు కలదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెలలో నడిపిన అదనపు బడులు, సాయంకాలము పిల్లలను ఒకచోట కూర్చుట ఈ సీమకు క్రొత్త కాదని చూపినవి.

పసివారి వ్రాతలకు విలువ ఏమున్నదని నొసలు ముడిచెడివారికి ఈ సీమలోనే సమాధానము కలదు. 1914లో చియ్యేడు గ్రామమున జన్మించి పెనుగొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు, విజయనగర రాజుల వైభవము శిథిలమై పడియున్న ఆ కోటలో ఆడుకొనుచు, పండ్రెండేండ్ల ప్రాయమున ‘పెనుగొండలక్ష్మి’ కావ్యము వ్రాసెనని ప్రసిద్ధి. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుండునప్పటికి, బాల్యమున తాను వ్రాసిన ఆ కావ్యమే ఆ పరీక్షకు పాఠ్యగ్రంథమై యుండెను! ఆ బాలునకు కథావస్తువు దొరికినది ఇంటి ముంగిటనే. దూరపు సముద్రతీరము నతడు వర్ణింపబోలేదు. అందరును పుట్టపర్తివారగుదురని నేననను. కాని ముద్రణ అను గౌరవము దొరకిన బాలుడు కలమును విడువడని మాత్రము చెప్పగలను. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి కలిసి 1945లో మద్రాసునుండి ‘బాల’ పత్రికను ప్రారంభించినప్పుడు అందు ‘అమ్మ మాట వినకపోతే’ అను కథను పంపి అచ్చులో చూచుకొనిన బాలుడు ముళ్లపూడి వెంకటరమణ. మన కాలమున సిద్దిపేట జిల్లా జక్కాపూర్ ప్రభుత్వ పాఠశాల బాలబాలికల కథలు ఆ ఊరి పేరుతోనే పుస్తకముగా వచ్చినవి. మంచి ఊరు ఒకటి, పట్టుదల గల ఉపాధ్యాయుడొకడు చాలునని తెలంగాణము చూపినది. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల ఊరిపేరుతో అట్టి పుస్తకమొకటి రావలసియున్నది.

అందుకు కావలసినవి పెద్దవి కావు. ఆకాశవాణి అనంతపురము కేంద్రము వారమునకు అరగంట పిల్లలు వ్రాసిన కథలకు, పిల్లల గొంతుకతోనే, కేటాయింపవలెను. దినపత్రికల జిల్లా పుటలు నేరవార్తలను ఒక వరుస తగ్గించి బడిపిల్లల కథకు చోటియ్యవలెను, దిద్దకుండ అచ్చువేయవలెను. శాఖాగ్రంథాలయములలో పిల్లల చేతివ్రాత పుస్తకములకు ఒక అర వేరుచేయవలెను. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: జూన్ నెలలో బడులు తెరచిన పిదప వచ్చు తొలి శనివారమున ఒక పీరియడు మాత్రము గైడును బీరువాలో పెట్టి తాళము వేసి, పిల్లలనే నాలుగు మాటలిమ్మని అడుగుడు, ఆ నాలుగింటితో మొదటి కథ మీరు వ్రాసి వారికి వినిపింపుడు.